వేడినీళ్ల కాలువ

కరెంటు మా నెత్తి మీదికెల్లి పోతది,
తీగ మీది పిట్టకు సుత తెలువకుండ,
ఎటో పట్నం దాక.
మాకు మిగిలేది వేడి.

టర్బైన్ తిప్పితిప్పి అలిసిన ఆవిరిని
సల్లగ జేసి, తాము కాగిన నీళ్లు
ముళ్లకంచె కిందికెల్లి కాలువై వస్తయి.
పుష్యమాసం తెల్లారగట్ల చూడాలె,
పండుకున్న బర్రె ఊపిరి తీసినట్టు
పొగలు గక్కుకుంట.

ముసలోళ్లు గొంగడి మోకాళ్ల మీదికి ఎత్తి
కాళ్లు నానబెట్టుకునేది ఈడనే.
రాత్రి షిఫ్టు దిగిన బాయి పనోళ్లు
మెడ ముడుతల్ల బొగ్గు రుద్దుకునేది ఈడనే.
కట్టెలు దొరకని ఏడు
పోశవ్వ తన బాలింత కోడలికి
ఇరవయ్యొక్క దినాలు
బిందె మీద బిందె మోసింది ఈడికెల్లే.

ఓదెలు మామ బట్టలుతుకుతడు.
బాన కింద పొయ్యి పెట్టక ముప్పై ఏండ్లాయె.
కాలువల ఎడమ చెయ్యి ముంచి
(కుడిది సౌడుకు, సోడకు మొద్దువారింది)
"రెండో యూనిట్ పండుకున్నదిరా" అంటడు.
ఆఫీసుల ఫోను గప్పుడే మోగుతుంటది.

గాలి ఇటు తిరిగిననాడు
ఆరేసిన పంచెల మీద బూడిద రాల్తది.
మామ చిమ్నీ దిక్కు జూసి
దాని తాతలదాక తిట్టి
మళ్ల అదే కాలువల ముంచుతడు.
మాపేది అదే, ఉతికేది అదే.
కూలి మాత్రం ఒక్కపారే.

నేను లోపటి మనిషిని.
అంటే కాంట్రాక్టోన్ని.
ఆర్నెల్లకోసారి కొత్త పాసు, కొత్త ఫోటువ,
ప్రతి ఫోటువల చెంపలు ఇంకొంచెం లోపటికి.
బెల్టు మీద బొగ్గు పోతుంటే రాళ్లేరుడు నా పని.
బాయిలర్‌కు చిన్న కన్నుంటది,
నీలి అద్దం అడ్డం పెట్టుకొని చూడాలె.
ఒక్కపారి చూసిన.
పిండి లెక్క నూరిన బొగ్గు గాలిల్నే అంటుకొని
మంట నేల తాకకుండ నిలబడ్డది.
ఆ పొద్దు బువ్వ తినబుద్ధి కాలే.

ఇంకో పొద్దు, బెల్టు మీద ఓ పెళ్ల.
దాని మీద ఆకు అచ్చు.
నాలిక లెక్క పొడుగ్గ,
ఈనెలు సుత చెక్కుచెదరలే.
ఏ అడివిదో, ఏ ఎండ తిన్నదో,
దాన్ని కొరికిన పురుగు పేరేందో.
టిఫిన్ల పెట్టుకొని గేటుకాడికి వస్తే
సెక్యూరిటీ గట్టయ్య మూత తీసిండు.
"కంపెనీ బొగ్గు."
"ఆకన్నా ఇది."
"ఆకైనా కంపెనీదే."
తీస్కపోయి మళ్ల బెల్టు మీద పెట్టొచ్చిన.
పొద్దూకే వరకు
అది ఎవలింట్లనో బుగ్గయ్యుంటది.
ఏ పొల్లనో దాని కింద కూసోని
పదమూడో ఎక్కం కాడ ఆగిపోయుంటది.

మొన్న శుక్రారం గేటుకు కాయిదం అంటిచ్చిండ్రు.
పాత యూనిట్లు బందు.
ఆఖరి ఆవిరి ఇడిచిపెట్టినప్పుడు
ఊరి కుక్కలన్నీ గోదారి దిక్కు ఉరికినయి.
తర్వాత ఎంత సప్పుడు లేకుండైందంటే
పోశవ్వ నిద్రల కెల్లి లేచి
"ఏమైందే, ఏమైందే" అని కోడల్ని లేపింది.

తెల్లారి మామ కాలువల చెయ్యి పెట్టిండు.
తీస్తలేడు.
ఎవ్వలం ఏం అడగలే.
బిందెలు సంకలబెట్టుకొని ఆడోళ్లు నిలబడ్డరు,
వేడికి అలవాటైన జెల్లలు ఒడ్డు పొంటి
నోర్లు తెరిచి తిరుగుతున్నయి.

కొద్దిసేపటికి లేచి
ఇంటెనక బోర్లేసిన బాన తిరగేసిండు.
అండ్లకెల్లి తేలొకటి ఎల్లింది, దాన్ని పోనిచ్చిండు.
మూడు రాళ్లు పెట్టి, తుమ్మ కట్టెలు ఇరిసి
అంగి జేబు తడిమిండు,
మొల తడిమిండు.
అంత మంట పక్కన ముప్పై ఏండ్లు బతికినోడు
నా దిక్కు తిరిగి,
"అగ్గిపెట్టె ఉన్నదారా?"